దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలేజీల్లో వాతావరణ మార్పు పాఠం

హైదరాబాద్ తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టూ డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే విద్యార్థికి వాతావరణ మార్పు పాఠం ప్రధానంగా రెండు చోట్ల ఎదురవుతుంది. ఒకటి, ఏ కోర్సు తీసుకున్నా తప్పని పర్యావరణ పేపర్. విద్యార్థుల నోట అది 'ఈవీఎస్'. రెండోది, ఉద్యోగ పరీక్షల కోచింగ్ క్లాసు. మూడో చోటు కూడా ఒకటుంది. భౌతికశాస్త్రం, వృక్షశాస్త్రం, కామర్స్, చరిత్ర, సివిల్ ఇంజనీరింగ్ లాంటి సొంత సబ్జెక్టులోనే ఈ విషయం చెప్పడం అది. పాఠం నిజంగా వంటబట్టేది అక్కడే. ఇప్పటిదాకా తక్కువగా జరుగుతున్నదీ అక్కడే.

ప్రాంతం

మూసీకి దక్షిణాన మలక్‌పేట దాటాక దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ ఒకదాని వెంట ఒకటి విజయవాడ రోడ్డు మీద వస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు నగరంలోకి వచ్చేది ఈ దారినే కాబట్టి, ఆ జిల్లాల పిల్లలు చదువుకోసం మొదట దిగేది ఇక్కడే. హాస్టళ్లు, మెస్‌లు, స్టడీ హాళ్లు, కోచింగ్ సెంటర్లు ఆ రాకపోకల చుట్టూ పెరిగాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక నగరం అవతలి వైపు కాలేజీలకు వెళ్లేవాళ్లు కూడా ఇక్కడే గది తీసుకుంటున్నారు. మీర్‌పేట్, నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. డిగ్రీ కాలేజీలు ఉస్మానియా పరిధిలోవి. ఇంజనీరింగ్ కాలేజీలు కొన్ని ఉస్మానియావి, ఎక్కువ భాగం జేఎన్‌టీయూవి.

కోర్టు ఉత్తర్వు నుంచి సిలబస్ దాకా

దేశంలో ఈ పాఠానికి మూలం విశ్వవిద్యాలయం కాదు, న్యాయస్థానం. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 1991 నవంబర్ 22న సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను అన్ని స్థాయుల్లో తప్పనిసరి చేయాలని చెప్పింది. పన్నెండేళ్లయినా అది సరిగా అమలు కాలేదు. 2003లో కోర్టు మళ్లీ గట్టిగా ఆదేశించింది, యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల ఉమ్మడి కోర్సు తయారుచేసింది. దాని పాఠ్యపుస్తకాన్ని పుణేకు చెందిన ఎరాక్ భరూచా రాశారు.

ఆ కోర్సులో 8 యూనిట్లు, 50 పీరియడ్లు. వాతావరణ మార్పుకు దొరికిన చోటు ఆరో యూనిట్‌లో ఒక్క పంక్తి. భూతాపం, ఆమ్ల వర్షం, ఓజోన్ పొర క్షీణత, అణు ప్రమాదాలతో కలిపి ఒకే వరుసలో పెట్టారు. ఈ కూర్పు ఫలితం తరగతుల్లో చాలాకాలం కనిపించింది. ఓజోన్ రంధ్రం వల్లే ఎండలు పెరుగుతున్నాయని జవాబు రాసే విద్యార్థులు తయారయ్యారు. ఓజోన్ సమస్య వేరు, దానికి కారణమైన రసాయనాలు వేరు, అది ఎక్కువగా ముడిపడింది అతినీలలోహిత కిరణాలతో. భూతాపం ముడిపడింది భూమి నుంచి తిరిగి వెళ్లే పరారుణ కిరణాలతో. రెంటినీ ఒకే పంక్తిలో చదివిన పిల్లవాడు కలిపేసుకుంటే తప్పు వాడిది కాదు.

తెలంగాణలో డిగ్రీ కోర్సులు 2016-17 నుంచి క్రెడిట్ల ఆధారిత సీబీసీఎస్ పద్ధతిలోకి మారాక ఉస్మానియా పరిధిలో ఈ పేపర్ మొదటి ఏడాదిలో 2 క్రెడిట్లకు వచ్చింది. వారానికి రెండు పీరియడ్లు, ఒక సెమిస్టర్, అంతే. ఇంజనీరింగ్‌లో పరిస్థితి ఇంకా పలచన. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికను అనుసరించి జేఎన్‌టీయూ ఆర్-18 నిబంధనల్లో పర్యావరణ శాస్త్రం తప్పనిసరి కోర్సు అయింది కానీ దానికి క్రెడిట్లు సున్నా. పాస్ కావాలి, మార్కులు మాత్రం సగటులో కలవవు. ఇంటర్‌లోనూ ఇదే తీరు. పర్యావరణ విద్య పరీక్ష రాస్తేనే సర్టిఫికెట్, కానీ ర్యాంకుతో దానికి సంబంధం లేదు. పదహారేళ్ల వయసు నుంచి ఇరవై దాకా విద్యార్థికి అందే సందేశం ఒక్కటే: ఇది గట్టెక్కాల్సిన పేపర్.

2023లో యూజీసీ, జాతీయ విద్యావిధానం 2020కి అనుగుణంగా కొత్త చట్రం విడుదల చేసింది. అందులో వాతావరణ మార్పు, దాని ప్రభావాలు, సర్దుబాటు, నివారణ కలిపి ఆరో యూనిట్ మొత్తం అయ్యాయి. తొమ్మిదో యూనిట్ క్షేత్రపర్యటనలకు, స్థానిక అధ్యయనాలకు కేటాయించారు. ఇరవై ఏళ్లలో ఒక్క పంక్తి ఒక పూర్తి యూనిట్ కావడం చిన్న మార్పేమీ కాదు.

కోచింగ్ క్లాసులో

యూపీఎస్సీ 2011లో ప్రిలిమ్స్ పద్ధతి మార్చినప్పుడు జనరల్ స్టడీస్ సిలబస్‌లో వాతావరణ మార్పును పేరుపెట్టి చేర్చింది. రాష్ట్ర గ్రూప్స్ పరీక్షల్లో పర్యావరణ సమస్యలు, విపత్తు నిర్వహణ అంశాలున్నాయి. అందువల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ విషయం మీద ఎక్కువ గంటలు పాఠం జరిగేది కాలేజీలో కాదు, కోచింగ్ హాల్లో. అక్కడి అధ్యాపకులు తెలుగు, ఇంగ్లిష్ కలిపి, పల్లె నుంచి వచ్చిన అభ్యర్థికి కూడా అర్థమయ్యేలా క్యోటో ఒప్పందం నుంచి పారిస్ ఒప్పందం దాకా విడమర్చి చెబుతారు. 2008 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళికలో 8 మిషన్లు ఏవో, 2021లో గ్లాస్గోలో భారత్ 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తానని ఎందుకు చెప్పిందో అభ్యర్థికి కంఠతా వచ్చేస్తుంది. ఈ శ్రమను తక్కువ చేయకూడదు. డిగ్రీలో ఈవీఎస్ గైడు రెండు రాత్రులు చదివి వదిలేసిన వాళ్లు ఇక్కడే మొదటిసారి ఈ విషయాన్ని శ్రద్ధగా చదువుతున్నారు.

అయితే పరీక్ష అడిగేది బిట్. ఏ సదస్సు ఎక్కడ, ఏ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడ అనేది బిట్‌లో ఇముడుతుంది. కార్బన్ డయాక్సైడ్ వేడిని ఎలా ఆపుతుంది, ఒక డిగ్రీ పెరిగితే వాన ఎందుకు మారుతుంది అనేవి ఇమడవు. ఒప్పందాల పేర్లు తెలిసి, పనిచేసే తీరు తెలియని చదువు ఇది. ఆ రెండో సగం చెప్పాల్సిన బాధ్యత కాలేజీదే.

సరూర్‌నగర్ చెరువు దగ్గర

ఆ పనిచేసే తీరు చెప్పడానికి ఈ ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్ బస్‌డిపో నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే సామగ్రి ఉంది. సరూర్‌నగర్ చెరువు గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి. మీర్‌పేట్, జిల్లెలగూడ వైపు చెరువుల నీరు దీనికి చేరి, ఇక్కడి నుంచి నాలాల వెంట మూసీలోకి పోవాలి. ఆ దారి పొడవునా ఇప్పుడు కాలనీలు.

2020 అక్టోబర్ 13న బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ వైపు వచ్చింది. ఆ పొద్దుటి నుంచి మర్నాడు పొద్దుటిలోగా ఘట్‌కేసర్ మండలంలో 32 సెంటీమీటర్లు, హయత్‌నగర్‌లో 30కి దగ్గరగా వాన పడింది. బేగంపేటలో నమోదైన 19 సెంటీమీటర్లు అక్టోబర్ నెలకు అక్కడి రికార్డు. అంతకుముందు రికార్డు 1903 నాటిది, 12 కంటే తక్కువ. సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాంనగర్, సీసల బస్తీ, పీ అండ్ టీ కాలనీ నీట మునిగాయి. బీఎన్ రెడ్డి నగర్ దగ్గర హరిహరపురం కాలనీలో నీళ్లు వెంటనే తీయలేదు. ఏడాది తిరక్కుండానే 2021 సెప్టెంబర్‌లో చెరువు కింది కాలనీలు మళ్లీ మునిగాయి.

ఈ వరదను తరగతిలో ఎలా చెప్పాలి? మొదట లెక్క. ఒక చదరపు కిలోమీటర్ మీద ఒక సెంటీమీటర్ వాన పడితే కోటి లీటర్ల నీళ్లు. 30 సెంటీమీటర్లంటే చదరపు కిలోమీటర్‌కు 30 కోట్ల లీటర్లు. ఇంత నీరు మట్టి నేల మీద పడితే కొంత ఇంకుతుంది. సిమెంటు మీద పడితే దాదాపు అంతా పారుతుంది. విద్యార్థి తన కాలనీ విస్తీర్ణం వేసుకుని, నాలా వెడల్పు, లోతు, నీటి వేగం కొలుచుకుని, ఆ నీరు పోవడానికి ఎన్ని గంటలు పట్టాలో లెక్కగట్టొచ్చు. ఇందుకు ప్లస్ టూ గణితం చాలు.

తర్వాత కారణాలు విడదీయాలి. అసలు పాఠం ఇక్కడుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. సముద్రమూ వేడెక్కింది. కాబట్టి కుండపోత వానలకు బలం పెరగడం భౌతికశాస్త్రం చెప్పే మాటే. కానీ కోదండరాంనగర్‌లో నీళ్లు నిలవడానికి చెరువు శిఖం భూముల్లో వచ్చిన ఇళ్లు, కుంచించుకుపోయిన నాలాలు, అలుగు దాటిన నీటికి దారి లేకపోవడం కూడా కారణాలే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగినప్పుడే ఈ సంగతి తేలింది. 2003లో కిర్లోస్కర్ సంస్థ ఇచ్చిన నివేదిక నాలాలను వెడల్పు చేయాలని చెప్పింది. 2020 వరద తర్వాతే వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం వచ్చింది. 2024లో చెరువుల కబ్జాల మీద చర్యకు హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. అంతా వాతావరణ మార్పే అని చెప్పే అధ్యాపకుడు నాలా కబ్జాను మరుగుపరుస్తాడు. అంతా కబ్జానే అని చెప్పేవాడు రేపటి వాన నిన్నటి వానలా ఉండదన్న సంగతి దాస్తాడు. రెంటినీ విడివిడిగా తూచి, ఏది ఎంతో అడగగలిగిన విద్యార్థి తయారైతే ఈ కోర్సు ఫలించినట్టు.

ఆ కాలనీల్లో ఇప్పటికీ నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందో వేలుపెట్టి చూపించే ఇంటివాళ్లున్నారు. విద్యార్థి టేపు పట్టుకుని నాలుగు వీధుల్లో ఆ ఎత్తు కొలిచి, పటం మీద గుర్తుపెట్టి, చెరువు కట్ట నుంచి దూరంతో పోల్చి చూస్తే అదే క్షేత్రపర్యటన నివేదిక. గైడులోంచి ఎత్తిరాయడానికి వీల్లేని నివేదిక.

ఎండ

వరద ఒక రాత్రి వచ్చి పోతుంది, ఎండ ఏటా నెలల తరబడి ఉంటుంది. 2015 మేలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, వృద్ధులు. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. పుస్తకంలో ఉండేది ఈ నిర్వచనం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పై అంతస్తులో, శ్లాబ్ కింద ముగ్గురు నలుగురు పంచుకునే గదిలో ఏప్రిల్ రాత్రి పదకొండింటికి ఎంత వేడి ఉంటుందో ఆ నిర్వచనం చెప్పదు. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. నిద్రలేని పిల్ల పొద్దున్నే మాక్ టెస్ట్ రాయాలి.

తేలిక ప్రయోగం ఒకటి ఉంది. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానం, కృష్ణజింకల నెలవు. దాని అంచున ఒక థర్మామీటర్, ఎల్బీనగర్ చౌరస్తాలో ఒకటి, ఒకే సమయానికి నీడలో పెట్టి చూస్తే చెట్లు, మట్టి ఉన్న చోటికీ సిమెంటు కప్పిన చోటికీ తేడా కనిపిస్తుంది. ఆ తేడా నగరం చేసిన వేడి. దాని కింద ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతున్న వేడి భూగోళమంతటిది. వరద పాఠంలో చేసిన విభజనే ఇక్కడా.

ఉపాయం కూడా దగ్గరలోనే ఉంది. 2017లో హైదరాబాద్‌లో 25 పేదల ఇళ్ల మీద వేడిని తిప్పికొట్టే పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు లక్ష్యంగా పెట్టుకుంది, అందులో 200 హైదరాబాద్‌లో. ఏ కాలేజీ భవనానికైనా సగం డాబాకు తెల్లసున్నం వేసి, సగం వదిలేసి, కింది రెండు గదుల్లో నెలపాటు ఉష్ణోగ్రత రాసుకోవచ్చు.

సొంత సబ్జెక్టులోనే

వాతావరణ మార్పును ప్రత్యేక పేపర్‌గా కాకుండా ఉన్న పాఠాల్లోనే కలిపి చెప్పాలన్న ఆలోచనతో పుణేలోని ఐసర్‌లో 2017లో ట్రాప్ ఇక్సు అనే అంతర్జాతీయ ప్రాజెక్టు మొదలైంది. గణితంలో రేఖా సమీకరణాలు చెప్పేటప్పుడు ఉష్ణోగ్రతల పట్టిక, రసాయనశాస్త్రంలో ఆమ్ల-క్షార పాఠంలో సముద్రపు ఆమ్లత, ఇలా. ఈ పద్ధతి ఇక్కడి కాలేజీలకు బాగా సరిపోతుంది. ఫిజిక్స్ లెక్చరర్ స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం ఎలాగూ చెబుతారు. దాంతోనే హరితగృహ వాయువులు లేని భూమి ఉష్ణోగ్రత సున్నా కింద 18 డిగ్రీలని, ఇప్పుడున్నది సగటున 15 అని బోర్డు మీద తేల్చొచ్చు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 315 పీపీఎం దగ్గర ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఆ అంకెలన్నీ అందరికీ ఉచితం. గ్రాఫ్ గీయడానికి విద్యార్థి కంప్యూటర్ ల్యాబ్ చాలు.

వృక్షశాస్త్రం విషయంలో ఈ ప్రాంతానికి ఉన్నంత అదృష్టం దేశంలో చాలా చోట్ల లేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. అందరూ క్రీడా అనే ఈ సంస్థ 1985లో ఏర్పడింది. 2011లో మొదలైన నిక్రా అనే జాతీయ పథకానికి, అంటే మారే వాతావరణాన్ని తట్టుకునే వ్యవసాయం మీద పరిశోధనకు, ఇదే కేంద్రం. దాని పరిశోధన క్షేత్రం ఒకటి హయత్‌నగర్‌లో, ఇదే విజయవాడ రోడ్డు మీద. పైకప్పు లేని పారదర్శకమైన గదుల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను 550, 700 పీపీఎం దాకా పెంచి ఆముదం, మినుము లాంటి పంటలు ఎలా పెరుగుతాయో అక్కడి శాస్త్రవేత్తలు చూశారు. కార్బన్ ఎక్కువైతే చెట్టు బాగా పెరుగుతుంది కదా అని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పెరుగుదల ఏ పంటలో ఎంత, వేడి తోడైతే ఆ లాభం ఎక్కడ కరిగిపోతుంది, వరి, కంది ఒకలా, జొన్న, మొక్కజొన్న మరోలా ఎందుకు స్పందిస్తాయి అన్నది సీ-3, సీ-4 పాఠమే. నల్లగొండలో నాన్న పత్తి పెట్టి వాన కోసం చూస్తున్న విద్యార్థికి ఈ పాఠం మార్కులకు మించిన సంగతి.

కామర్స్‌లో సెబీ నిబంధనతో మొదలుపెట్టొచ్చు. 2022-23 నుంచి దేశంలోని తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలు తమ ఉద్గారాలు సహా పర్యావరణ వివరాలతో బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలి. దాన్ని చదవడం నేర్చుకోవడం రేపటి ఉద్యోగానికే పనికొస్తుంది. దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. హాస్టల్ బిల్లులో వెయ్యి యూనిట్లుంటే 700 కిలోలు. అకౌంటెన్సీ చదివే పిల్లలు ఇలాంటి ఖాతా రాయడం ఒక్క పీరియడ్‌లో నేర్చుకుంటారు.

చరిత్ర అధ్యాపకుడి దగ్గర 1876-78 నాటి ధాత కరువు ఉంది. ఎల్‌నినో వల్ల రుతుపవనాలు దెబ్బతిన్న ఆ కాలం, మనిషి చేసిన భూతాపానికి ముందటి సహజమైన హెచ్చుతగ్గులకు ఉదాహరణ. దాన్ని మహా విపత్తుగా మార్చింది ధాన్యం విషయంలో నాటి పాలకుల విధానం. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద, ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఒక ప్రభుత్వం విపత్తు నుంచి ఏం నేర్చుకోగలదో చూపిస్తాయి. సివిల్ ఇంజనీరింగ్‌కు ఈ పాఠం అన్నింటికంటే అవసరం. కాలువ ఎంత వెడల్పు ఉండాలన్నది పాత వానల రికార్డు చూసి, ఇన్నేళ్లకోసారి వచ్చే వాన అని అంచనా వేసి నిర్ణయిస్తారు. ఆ పాత రికార్డే నమ్మకం కోల్పోతున్నప్పుడు డిజైన్ ఎలా చేయాలన్న ప్రశ్న సున్నా క్రెడిట్ల పేపర్‌లో కాదు, హైడ్రాలజీ పేపర్‌లో రావాలి.

ఇతర దేశాల్లో

ఇటలీ 2020 నుంచి బడుల్లో వాతావరణ మార్పును తప్పనిసరి పాఠం చేసింది. 2022లో విద్యార్థులు ఆందోళన చేశాక బార్సిలోనా విశ్వవిద్యాలయం అందరికీ తప్పనిసరి కోర్సు పెట్టడానికి ఒప్పుకుంది. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2024లో చేరిన విద్యార్థుల నుంచి డిగ్రీకి ఈ విషయంలో ఒక కోర్సు ఉండాలన్న నిబంధన తెచ్చింది. తప్పనిసరి చేయడంలో భారత్ వీటికంటే ముందుంది. చెప్పే తీరులో వెనకబడింది.

అడ్డంకులు

ఈవీఎస్ చెప్పడానికి చాలా ప్రైవేటు కాలేజీల్లో ప్రత్యేక అధ్యాపకులుండరు. జువాలజీ, కెమిస్ట్రీ లెక్చరర్‌కో, గంటలెక్కన వచ్చే అతిథి అధ్యాపకులకో అప్పగిస్తారు. వాళ్లకు ఈ విషయం మీద శిక్షణ అందదు, అడిగే తీరికా ఉండదు. ఉస్మానియాతో సహా నగరంలోని విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల శిక్షణ కేంద్రాలున్నాయి. అక్కడ రెండు వారాల కోర్సు పెట్టి, నగరంలోని వాతావరణ శాఖ, క్రీడా సంస్థ శాస్త్రవేత్తలను పిలిస్తే తూర్పు హైదరాబాద్ కాలేజీలన్నింటికీ మార్పు వస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లకు చదవడానికి మంచి తెలుగు పుస్తకం మరో అవసరం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలనే ఇక్కడి అభ్యర్థులు నమ్ముతారు కాబట్టి అలాంటి పుస్తకం అక్కడి నుంచి రావడం మేలు.

మూల్యాంకనం మిగిలింది. 2003 నాటి యూజీసీ సిలబస్‌లోనే నూటికి 25 మార్కులు క్షేత్రపర్యటనకు ఉన్నాయి. చాలాచోట్ల అవి నెట్‌లోంచి దించుకున్న రికార్డు పుస్తకానికి పడ్డాయి. 2023 చట్రంలోని తొమ్మిదో యూనిట్ మళ్లీ అదే అవకాశం ఇస్తోంది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంస్థ మండలాల వారీగా పెట్టిన స్వయంచాలక వాతావరణ కేంద్రాల వాన, ఎండ వివరాలు రోజూ అందరికీ దొరుకుతున్నాయి. సరూర్‌నగర్ కట్ట, హయత్‌నగర్ పరిశోధన క్షేత్రం, హరిణ వనస్థలి మూడూ ఆ యూనిట్ కిందికి వచ్చేవే. వాటికి వెళ్లిరావడానికి ప్రిన్సిపాల్ సంతకం ఉన్న అనుమతి పత్రం, ఒక కాలేజీ బస్సు, టైమ్‌టేబుల్‌లో ఒక పూట కావాలి.